పలమనేరులో ఇంటర్వెల్

సినిమాకి ఇంటర్వెల్ కనిపెట్టినవాడెవరోగాని మహానుభావుడు! ఆ పది నిమిషాలూ లేకపోతే వేడి వేడి మిరపకాయ బజ్జీ ఎప్పుడు తింటాం, గోలీ సోడా ఎప్పుడు తాగుతాం, "ఏరా, ఫస్టాఫ్ ఎట్లుంది?" అని పక్కవాణ్ని ఎప్పుడు అడుగుతాం? ప్రయాణాలకీ ఇలాంటి ఇంటర్వెల్ ఒకటుంది. ఒక విమానం దిగి ఇంకో విమానం ఎక్కేదాకా, ఒక బస్సు దిగి ఇంకో బండి దొరికేదాకా మధ్యన మిగిలిపోయే నాలుగైదు గంటలన్నమాట. విమానాల వాళ్ళ భాషలో దాని పేరు లేఓవర్. మన భాషలో పడిగాపులు!

ఈ పడిగాపుల్లోంచి ఒక్కోసారి మంచి సంగతులే పుడతాయి. 1940లలో ఐర్లండులో ఫోయిన్స్ అనేచోట నీళ్ళమీద వాలే విమానాలు ఆగుతుండేవి. ఒక రాత్రి వాతావరణం బాగాలేక బయలుదేరిన విమానం కాస్తా వెనక్కి వచ్చేసిందట. చలికి గజగజలాడుతున్న ప్రయాణికులకి అక్కడి వంటాయన జో షెరిడన్ వేడి కాఫీలో విస్కీ కలిపి, పైన మీగడ తేలేసి ఇచ్చాడట. ఐరిష్ కాఫీ అలా పుట్టిందని చెబుతారు. సింగపూరు చాంగి విమానాశ్రయంలో అయితే మధ్యలో దిగినవాళ్ళ కోసం ఊరికే సినిమా చూపించే హాలుంది. సీతాకోక చిలుకల తోట కూడా ఉంది. అదృష్టవంతులు!

మరి మనకో? ఈ జనవరిలో మన దేశంలోనే ఒక పెద్ద విమానాశ్రయంలో, పేరెందుకు లెండి, నాకు ఆరు గంటల ఇంటర్వెల్ పడింది. ఆకలేసి ఇడ్లీ రేటు చూశాను. కాలేజీ రోజుల్లో అంత డబ్బుంటే నలుగురం మాట్నీ చూసి, దోసెలు తిని, ఆటోలో ఇంటికొచ్చేవాళ్ళం. సరే, కొన్నాను. ఇడ్లీ చల్లగా ఉంది. చట్నీ మూతబిగించిన ప్లాస్టిక్ గిన్నెలో ఉంది. అది ఏ ఊరి చట్నీయో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. చుట్టూ వందలమంది. ఒకరితో ఒకరికి మాటల్లేవు. అందరూ చార్జింగు పెట్టుకునే గోడ దగ్గర, దేవుడి గదిలో కూర్చున్నట్టు భక్తిగా కూర్చున్నారు. మొత్తం మీద ఆ ఇంటర్వెల్ అట్టర్ ఫ్లాపు!

సరిగ్గా రెండోరోజున ఇంకో ఇంటర్వెల్ వచ్చింది. అదీ విమానాలు దిగని ఊళ్ళో. నేను చెప్పాలనుకున్నది దాని సంగతే.

బెంగళూరు నుంచి తిరుపతిలో ఒక పెళ్ళికి పోతున్నాను. ఒక మిత్రుడు కుప్పం నుంచి కారేసుకుని వస్తానన్నాడు. "నువ్వు బస్సులో వచ్చి పలమనేరులో దిగు. రెండుగంటలకల్లా నీ ముందుంటా. అక్కణ్ణించి కలిసిపోదాం" అన్నాడు. నేను పొద్దున పదింటికే దిగాను. చేతిలో నాలుగు గంటలు, భుజాన ఒక సంచీ, కడుపులో ఏమీలేదు.

ముందు ఊరెక్కడుందో చెప్పుకుందాం. బెంగళూరు నుంచి కోలారు, ముళబాగిలు దాటి, నంగలి దగ్గర కర్ణాటక సరిహద్దు వదిలితే, తర్వాత వచ్చే మొదటి పెద్ద ఊరు పలమనేరు. చిత్తూరు ఇంకా నలభై కిలోమీటర్ల కిందుంది. కిందుంది అనడం ఊరికే కాదు సుమండీ! పలమనేరు సముద్రమట్టానికి సుమారు 2,200 అడుగుల ఎత్తున ఉంది. చిత్తూరు వెయ్యి చిల్లర. మైసూరు పీఠభూమి అంచున కూర్చుని చిత్తూరు వైపు కాళ్ళు వేలాడేసుకున్నట్టుంటుంది ఈ ఊరు. నీలగిరి కొండలు తెల్లదొరలకి అలవాటు కాకముందు, మద్రాసు ఎండలకి తాళలేని దొరలు చల్లగాలి కోసం ఇక్కడికే వచ్చేవారట. నేను దిగినప్పుడు పది దాటినా మంచు పూర్తిగా విడలేదు. ఆటోవాళ్ళు మఫ్లర్లు చుట్టుకుని ఉన్నారు. జనవరి చెన్నైలో కూడా వస్తుంది, ఇక్కడా వస్తుంది. రెండూ ఒకటే నెల అంటే నమ్మబుద్ధికాదు.

తెలుగు సినిమా మద్రాసులో కాపురమున్న రోజుల్లో, మద్రాసు నుంచి బెంగళూరు పోవడానికున్న పెద్దదారుల్లో ఇదొకటి. నాలుగో నంబరు జాతీయ రహదారి అనేవారు. రాణిపేట, చిత్తూరు, పలమనేరు, కోలారు. ఆ కార్ల కిటికీ అద్దాల వెనకాల ఎన్ని నల్లకళ్ళద్దాలు ఈ బజారు మీదుగా పోయాయో ఎవరు లెక్కపెట్టారు గనక! తర్వాత 2000 దశకంలో స్వర్ణ చతుర్భుజి రోడ్డు కృష్ణగిరి, వేలూరు మీదుగా పడింది. చెన్నై పోయే బండ్లు అటు మళ్ళాయి. ఇప్పుడీ రోడ్డు నంబరు కూడా మారి 69 అయింది. పలమనేరుకి మాత్రం తిరుపతి వెంకన్న మిగిలాడు. కర్ణాటక నుంచి కొండకి పోయే జనం ఇటేగా రావాలి!

బస్టాండులో పది నిమిషాలు నిలబడి చెవులు రిక్కించండి. తెలుగు, కన్నడం, తమిళం, దక్కనీ ఉర్దూ నాలుగూ వినిపిస్తాయి. ఒక్కోసారి నాలుగూ ఒకే మనిషి నోట్లోంచి! కండక్టర్లు "చిత్తూర్ చిత్తూర్ చిత్తూర్" అని ఊపిరి తీసుకోకుండా అరుస్తుంటారు. ఆ స్టయిలు చూసి చిన్నచూపు చూడకండి. బెంగళూరు సిటీ బస్సులో టికెట్లు కొట్టిన శివాజీరావు గైక్వాడే కదూ తర్వాత రజనీకాంత్ అయింది.

కాలక్షేపానికి మొదట మట్టిబొమ్మల దగ్గరికి పోయాను. పలమనేరు బంకమట్టికి పేరుంది. కాల్చిన మట్టితో గుర్రాలు, ఏనుగులు, దీపపు కుందులు, కుండీలు చేస్తారు. ఒక కుంది కొన్నాను. బేరం ఆడబోతే అమ్మేవాడు, "తీసకపో సార్, పగిలితే మళ్ళా వస్తావు గదా" అన్నాడు. అంత ధీమా ఉన్నవాడితో బేరమేమిటి! ఇంకాస్త తీరిక ఉన్నవాళ్ళకి ఇంకో ముచ్చట చెబుతాను. పక్కనున్న పుంగనూరు పేరు మోసిన పొట్టి ఆవులున్నాయి చూశారూ, మూడడుగుల ఎత్తు కూడా ఉండనివి, 2024 సంక్రాంతికి ప్రధానమంత్రి మేత పెడుతున్న ఫోటోలతో దేశమంతా చూసినవి, ఆ జాతిని కాపాడే పశు పరిశోధనా కేంద్రం ఉన్నది పలమనేరులోనే. పేరు పుంగనూరుది, పోషణ పలమనేరుది!

తర్వాత? ఇంకేం చేస్తాను, సినిమా వాణ్ని కదా, థియేటరు వెతుక్కున్నాను. పదకొండు గంటల ఆట. టికెట్ల కిటికీ దగ్గర ఆరుగురం ఉన్నాం. "పదిమందయితే గాని బొమ్మ పడదు సార్" అన్నాడు కిటికీలో కుర్రాడు. పావుగంట ఎదురుచూశాం. ఏడోవాడు వచ్చాడు, అయిదోవాడు వెళ్ళిపోయాడు. లెక్క మళ్ళీ ఆరు! ఒకప్పుడు ఇలాంటి ఊళ్ళలో కొత్త సినిమాకి చొక్కాలు చింపుకునేవాళ్ళు. ఇప్పుడు బొమ్మ పడాలంటే రోడ్డుమీద పోయేవాణ్ని పిలవాలి. చివరికి ఆట లేదన్నారు. కానీ ఆ కుర్రాడు మంచివాడు, టీ తెప్పించాడు. మాటల్లో 'పుష్ప' వచ్చింది. వాడి ముఖం వెలిగిపోయింది.

"2021లో ఆ సినిమా పడినప్పుడు ఈడ నిలబడేకి సందు లేదు సార్. మా యాస మాట్లాడినాడు గదా హీరో! అంతకుముందు మా మాటంటే విలన్ పక్కన ఉండే కామెడీవోడికే ఇస్తాండిరి."

నిజమే. చిత్తూరు మాట హీరో నోట పలకడానికి తెలుగు సినిమాకి ఎన్నేళ్ళు పట్టింది! ఈ జిల్లాలో కళాకారులు లేకనా? హిందీలో 'ది ఫ్యామిలీ మాన్' తీసి గడగడలాడించిన రాజ్, డి.కె. జంట తిరుపతి ఎస్వీ యూనివర్సిటీ ఇంజనీరింగు కాలేజీ విద్యార్థులే. వాళ్ళు నిర్మించిన 'సినిమా బండి' (2021) చూశారా? ఆటోలో ఎవరో మర్చిపోయిన కెమెరాతో ఒక ఆటోడ్రైవరు సినిమా తీయబోవడం కథ. అది ఈ ఆంధ్రా, కర్ణాటక సరిహద్దు పల్లె కథే. ఆ మాట, ఆ ఎగుడుదిగుడు రోడ్డు, ఆ రాళ్ళగుట్టలు, అన్నీ ఈ చుట్టుపక్కలవే. చూడనివాళ్ళు చూడండి.

ఇక అసలు ఘట్టం. భోజనం!

కుర్రాడినే అడిగాను, మంచి తిండి ఎక్కడని. వాడు రోడ్డుమీదున్న అద్దాల హోటలు చూపించలేదు. బస్టాండు వెనక సందులోకి చెయ్యి చూపించి, "రేకుల కొట్టం ఉంటాది. బోర్డు చూసుకో సార్" అన్నాడు. బోర్డు మీద మూడే మాటలు: ఇచ్చట ముద్ద దొరకును. అంతే! ఫోన్ నంబరు లేదు, నక్షత్రాలు లేవు, ఎవడూ దీనికి మార్కులు వేసి ఉండడు.

లోపల రెండు బల్లలు, కట్టెల పొయ్యి, పొయ్యి దగ్గర డెబ్బయ్యేళ్ళ అవ్వ.

"ముద్ద ఉందా అవ్వా?"

"ఉండాది నాయనా, కుచ్చో. తొట్లో నీళ్ళుండాయి, చేతులు కడుక్కో. యా ఊరు మీది?"

చెప్పాను. "అబ్బో, అంతదూరమా! అయితే ఆకలిమీదుంటావు" అని తీర్మానించి రెండు ముద్దలు పెట్టబోయింది. ఒకటి చాలన్నాను. నన్ను జాలిగా చూసింది.

రాగిముద్ద గురించి కోస్తా పాఠకులకు కాస్త చెప్పాలి. ముందు బియ్యపు నూకలు మెత్తగా ఉడకబెడతారు. దాని మీద రాగిపిండి కుప్పగా పోసి, నడుమ కట్టెతో బొక్క పెట్టి, మూతేసి మగ్గనిస్తారు. ఆ తర్వాత వస్తుంది ఫైటు! తెడ్డుకట్టె పట్టుకుని ఉండల్లేకుండా కెలకాలి. గిన్నెని కాళ్ళతో అదిమి పట్టుకుని, రెండు చేతులా కెలుకుతున్న అవ్వ కోడలిని చూస్తే ఏ స్టంటు మాస్టరైనా దణ్ణం పెడతాడు. తడిచేత్తో గుండ్రంగా చేసి పెడితే అది ముద్ద. నల్లగా, నున్నగా, పొగలు కక్కుతూ ఉంటుంది.

నేను మొదటి ముక్క నోట్లో పెట్టుకుని నములుతుంటే అవ్వ ఊరుకోలేదు.

"నమలాకు నాయనా! ముద్ద నమిలేది గాదు, మింగేది. పులుసులో అద్దుకో, మింగు. అది పోతాది."

పోయింది! ఎంత సాఫీగా పోయిందంటే, ఇన్నాళ్ళూ పళ్ళకి అనవసరంగా పని చెప్పానేమో అనిపించింది.

ఇంతకీ ముద్దలోకి ఏమిటి? నాటుకోడి పులుసు ఆదివారమేనట. నేను పోయింది గురువారం. ఆదివారం వచ్చి ఉంటే నాటుకోడి తినేవాణ్ణి, పితికిపప్పు తప్పిపోయేది. కనుక గురువారమే శుభదినం! పితికిపప్పంటే తెలుసా? చలికాలంలో ఈ మెట్టభూముల్లో అనపకాయలు కాస్తాయి. కాయలు ఒలిచి, గింజలు రాత్రంతా నీళ్ళలో నానేస్తారు. ఆ తర్వాత ఒక్కొక్క గింజనీ రెండు వేళ్ళ మధ్య పెట్టి పితకాలి. పైతోలు చేతిలో ఉండిపోయి లోపలి పప్పు టప్పున గిన్నెలో పడుతుంది. పితికితే వచ్చిన పప్పు గనక పితికిపప్పు. దానికి ధనియాలు, కొబ్బరి, అల్లం, వెల్లుల్లి, చెక్కా లవంగం నూరి పోసి పులుసు పెడతారు. సరిహద్దు దాటితే కన్నడం వాళ్ళూ ఇదే గింజ మీద ప్రాణం పెడతారు. బెంగళూరులో దీనికోసం ఏటా మేళాయే జరుగుతుంది.

"ఇన్ని గింజలు ఎవరు పితుకుతారవ్వా?"

"ఇంగెవురు? నేను, నా కోడలు. టీవీలో సీరియల్ పెట్టుకుంటాం. ఆ పొద్దు ఏడుపు జాస్తిగా ఉంటే గింజలు తొందరగా అయిపోతాయి."

సీరియల్ రచయితలారా, విన్నారా? మీ కన్నీళ్ళు వృథా పోవడం లేదు!

పక్కన ఊరిబిండి. వేయించిన చెనక్కాయ గింజలు, మిరపకాయలు, చింతపండు, ఉప్పు రోట్లో కచ్చాపచ్చాగా నూరింది. చివర పల్చటి మజ్జిగ. మొత్తం డెబ్బై రూపాయలు. నేను మొన్న ఆరుగంటలు కూర్చున్న చోట దానికి మంచినీళ్ళ సీసా రావడమే గగనం.

అయితే ఒకటి ఒప్పుకోవాలి. ఈ తిండి రుచి వండేవాళ్ళ చేతిలోనే లేదు, ఆగేవాళ్ళ కాళ్ళలో కూడా ఉంది. బండి ఆగాలి, మనిషి దిగాలి, సందులోకి నడవాలి. అది ఎన్నాళ్ళు సాగుతుందో!

ఎందుకంటే బెంగళూరు, చెన్నై మధ్య కొత్త ఎక్స్‌ప్రెస్‌వే వస్తోంది. సుమారు 260 కిలోమీటర్లు. 2022 మే నెలలో ప్రధాని శంకుస్థాపన చేశారు. హోస్కోటె నుంచి కర్ణాటక ముక్క మీద 2024 చివర్లోనే బండ్లు తిరగడం మొదలైంది. మన చిత్తూరు జిల్లాలో వి.కోట, పలమనేరు, బంగారుపాళెం ప్రాంతాల గుండానే పోతుంది. కానీ ఊళ్ళో అడుగుపెట్టదు. ఎక్కడపడితే అక్కడ ఎక్కడానికి, దిగడానికి వీల్లేని రోడ్డు అది. పలమనేరు ఒకసారి చెన్నై బండ్లను పోగొట్టుకుంది. ఇప్పుడు తిరుపతి బండ్లు కూడా కొన్ని అటెక్కి, చిత్తూరు దగ్గర దిగితే?

అవ్వతో ఈ మాటంటే ఆమె నవ్వింది.

"రోడ్డు బాగుంటే బండ్లు నిలబడవు నాయనా. గుంతలుంటేనే ఒళ్ళు కుదిలి ఆకలయ్యేది. లారీ డ్రైవర్లు సగం మంది ఇప్పటికే రావడంలా."

"మరి?"

"మరేముండాది? ఊళ్ళో వాళ్ళు తినరా? ముద్ద మానేస్తారా?" అంది. కాని ఆ మాట అంటున్నప్పుడు పొయ్యి కేసి చూసింది, నాకేసి కాదు. కోడలు మాత్రం నిజం చెప్పేసింది. మునుపు పూటకి వంద ముద్దలు చేసేవాళ్ళట, ఇప్పుడు నలభై.

అలాగని కొత్త రోడ్డు వద్దనే మనిషిని కాను. పలమనేరు దాటి చిత్తూరు వైపు దిగేటప్పుడు మొగిలి ఘాట్ వస్తుంది. 2024 సెప్టెంబరులో అక్కడే బస్సూ లారీ గుద్దుకుని ఎన్నో కుటుంబాలు దిక్కులేనివయ్యాయి. మంచి రోడ్డు ప్రాణాలు కాపాడుతుందంటే కాదనడానికి నోరెలా వస్తుంది? ఒక పూట ముద్దకోసం మనుషుల్ని ఆ మలుపుల్లో తిప్పమని ఎవరూ అడగరు, అవ్వ కూడా అడగదు. కాని ఎక్స్‌ప్రెస్‌వే పక్కన కట్టబోయే విశ్రాంతి స్థలాల్లో ఎవరికి చోటిస్తారు? దేశమంతా ఒకే రుచిగా ఉండే అద్దాల కొట్లకేనా, ఈ అవ్వ కోడలికి కూడా ఒక పొయ్యి దొరుకుతుందా? మన ఎమ్మెల్యేలూ అధికారులూ ఆలోచించాల్సింది ఇదీ. పలమనేరు మట్టికుందులు అమ్మే బల్ల ఒకటి, ముద్ద పెట్టే బల్ల ఒకటి, ఎంత ఖర్చు గనక!

భోజనమయ్యాక ఇంకా ముప్పావుగంట ఉంది. టీకొట్టు దగ్గర చేరితే ఏనుగుల కబుర్లు. ఇక్కడి కౌండిన్య అడవి 1990లో అభయారణ్యమైంది. రాత్రిళ్ళు మందలు తోటల మీద పడతాయి. 2025 మే నెలలో కర్ణాటక ప్రభుత్వం శిక్షణ పొందిన కుంకీ ఏనుగుల్ని ఆంధ్రకిచ్చింది. బెంగళూరు వెళ్ళి వాటిని అందుకున్నది అటవీశాఖ మంత్రిగా ఉన్న మన పవన్ కల్యాణ్. వాటి శిబిరం పలమనేరు దగ్గరి ముసలిమడుగులో. "కల్యాణ్ బాబు ఏనుగులు" అని ఇక్కడి కుర్రాళ్ళు వాటికి అప్పుడే అభిమాన సంఘం పెట్టేటట్టున్నారు! టొమాటో తోట తొక్కించుకున్న ఒక రైతు మాత్రం, "అడవేనుగుల్ని నిజంగా తరిమినప్పుడు పూలదండ వేస్తాలే" అన్నాడు. అభిమానం వేరు, పంట వేరు.

మీకూ ఈ దారిలో ఇంటర్వెల్ పడితే, గంటే ఉంటే ఎటూ పోకండి, నేరుగా ముద్దకే పోండి. రెండు గంటలుంటే మట్టిబొమ్మలు చూడండి. మూడు దాటితే థియేటరుకి పోండి. వెళ్ళేటప్పుడు ఇంకో ముగ్గుర్ని వెంటబెట్టుకు పోండి, బొమ్మ పడుతుంది. పితికిపప్పు కావాలంటే సంక్రాంతికి అటూ ఇటూగా రండి. ఎండల్లో వచ్చి నన్ను తిట్టుకోకండి.

మిత్రుడి కారు రెండుం పావుకి వచ్చింది. దిగుతూనే కడుపు పట్టుకుని, "ఇక్కడేమైనా దొరుకుతుందట్రా, లేక చిత్తూరులో చూసుకుందామా?" అన్నాడు. మాట్లాడకుండా చెయ్యి పట్టుకుని సందులోకి లాక్కుపోయాను. అవ్వ గిన్నె బోర్లించి కడుగుతోంది.

"ముద్దలు అయిపాయె నాయనా. మీరింత మందుండారని ముందే చెప్పుంటే రొండు ఎత్తి పెడతావుంటి" అంది. ఆకులో కాస్త ఊరిబిండి కట్టి వాడి చేతిలో పెట్టింది. మొగిలి ఘాట్ దిగేలోపలే వాడు దాన్ని వేలితో నాకేసి, "మళ్ళీ ఎప్పుడొస్తున్నాం?" అన్నాడు.